అప్పగింతల దగ్గర ఆగిపోయిన డీవీడీలు: ఖాళీ డిస్కుల ఎంపికపై మా ల్యాబ్ అనుభవం

2013 జూన్ మొదటి వారంలో, నాలుగు రోజుల తేడాలో పెళ్ళి వీడియోలు డీవీడీలుగా చేసి ఇచ్చే మా మిక్సింగ్ ల్యాబ్‌కి మూడు ఫోన్లు వచ్చాయి. మూడు వేర్వేరు పెళ్ళిళ్ళు. ఒకటి తెనాలి నుంచి, ఒకటి నరసరావుపేట నుంచి, ఇంకొకటి గుంటూరు బ్రాడీపేట నుంచే. ముగ్గురూ చెప్పింది ఒకటే మాట. “బాబూ, పెళ్ళంతా బాగానే వస్తోంది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా అయిపోయి ఆగిపోతోంది.”

మొదటి ఫోన్ వచ్చినప్పుడు వాళ్ళ ప్లేయర్ లెన్స్ మీద దుమ్ము పట్టి ఉంటుందనుకున్నాను. రెండోది వచ్చాక డిస్కు మీద గీత పడిందేమో చూడమన్నాను. మూడో ఫోన్ పెట్టేశాక మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. పెళ్ళి క్యాసెట్‌లో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ అయ్యాక చివర్లో వచ్చేవి అప్పగింతలు. డీవీడీలో రాత మధ్య రంధ్రం వైపు నుంచి మొదలై బయటి అంచు వైపు వెళ్తుంది. అంటే ముగ్గురి డిస్కుల్లోనూ చెడిపోయింది బయటి అంచే. ఇది ప్లేయర్ల సమస్య కాదు. మేం కొన్న ఖాళీ డిస్కుల్లోనే ఏదో ఉంది.

నరసరావుపేట అమ్మగారి ఫోన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళయిన పది రోజులకే వాళ్ళ అమ్మాయి అమెరికా వెళ్ళిపోయింది. “రోజూ సాయంత్రం ఆ ముక్క ఒక్కటే పెట్టుకుని చూస్తున్నానండీ. నిన్నటిదాకా అక్కడక్కడా ఆగుతూ అయినా వచ్చేది, ఇవాళ అసలు రావడం లేదు” అన్నారు. ఆ మాట విన్నాక ఈ పని సగంలో వదలకూడదని నిర్ణయించుకున్నాను. తర్వాత రెండు నెలలు మేం ఏం చేశామో, ఏం తెలుసుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఇప్పటికీ డిస్కులు రైట్ చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఏం కొన్నాం

అప్పటికి మా ల్యాబ్ మొదలై ఏడేళ్ళు. ఫొటోగ్రాఫర్లు షూట్ చేసి తెస్తే మేం మిక్సింగ్ చేసి, మెనూ పెట్టి, కావలసినన్ని కాపీలు రైట్ చేసి ఇచ్చేవాళ్ళం. సీజన్‌లో నెలకు ఐదారు వందల డిస్కులు అయ్యేవి. అంతకుముందు రెండేళ్ళుగా ఒకే రకం బ్రాండెడ్ డిస్కు వాడుతున్నాం. 50 డిస్కుల డబ్బా, డిస్కు ధర 13 రూపాయలు. ఫిర్యాదులు లేవు.

ఆ ఏడాది మార్చిలో మాకు సరుకు ఇచ్చే షాపతను డిస్కు ఎనిమిదిన్నరకే ఇస్తానన్నాడు. చూస్తే అదే రంగు అట్ట, అదే రకం డబ్బా. “కంపెనీ స్కీమ్ అండీ, 500 తీసుకుంటే ఈ రేటు” అన్నాడు. 500 డిస్కులకు 2,250 రూపాయలు మిగులుతాయి. తీసుకున్నాం. ఒకటి రైట్ చేసి, కంప్యూటర్‌లో పెట్టి మొదటి ఐదు నిమిషాలు చూశాం. బాగుంది. మిగతావన్నీ ఏడు రైటర్లున్న డూప్లికేటర్ టవర్‌లో వేసి 16ఎక్స్ వేగంతో (డీవీడీ మూల వేగానికి పదహారు రెట్లు) దించేశాం.

ఇక్కడ రెండు తప్పులు జరిగాయి, రెండూ నావే. డిస్కు మొదట్లో చూసి చివరా బాగుంటుందనుకోవడం మొదటిది. కంప్యూటర్ డ్రైవ్ చదివింది కదా అని ఇంట్లో ప్లేయరూ చదువుతుందనుకోవడం రెండోది. కంప్యూటర్ డ్రైవ్ చదవలేని చోట వేగం తగ్గించుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఇంటి ప్లేయర్‌కి అంత వ్యవధి ఉండదు. బొమ్మ నడుస్తూ ఉండాలి కాబట్టి కాసేపు చూసి ముందుకు దూకుతుంది, లేదా అక్కడే ఆగిపోతుంది.

డిస్కుల్లో ఏం కనిపించింది

ఆ 500లో అప్పటికే 310 డిస్కులు ఇళ్ళకు వెళ్ళిపోయాయి. తీసుకున్న ప్రతి ఫొటోగ్రాఫర్‌కీ ఫోన్ చేసి వెనక్కి తెప్పించమన్నాం. 212 వచ్చాయి. మా దగ్గర పనిచేసే కుర్రాడు ముందు వాటన్నిటినీ ట్యూబ్‌లైట్ కింద వంచి వంచి చూశాడు. పదో పదిహేనో చూసి నన్ను పిలిచాడు. “అన్నా, అంచు చూడు, రంగు తేడాగా ఉంది.” నిజమే. బయటి అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల మేర ఊదా రంగు పలచబడి, ఒక పాలిపోయిన వలయంలా ఉంది. పాత డబ్బాలో మిగిలిన డిస్కు పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలిసింది.

ఆ రంగే డీవీడీకి ప్రాణం. రాసే డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల మందం గల రెండు పాలికార్బొనేట్ పలకలుంటాయి. వాటి మధ్య డై అనే రంగు పొర, దాని వెనక మెరిసే లోహపు పొర, రెంటినీ కలిపే జిగురు. రైటర్‌లోని 650 నానోమీటర్ల ఎర్రని లేజర్ ఆ రంగును చుక్కలు చుక్కలుగా మారుస్తుంది, చదివేటప్పుడు ఆ చుక్కల్నే చదువుతుంది. ఫ్యాక్టరీలో ఈ రంగును తిరుగుతున్న పలక మధ్యలో పోస్తారు. దోసెపిండి గరిటెతో తిప్పినట్టు అది అంచుదాకా పరుచుకుంటుంది. అంచు దగ్గర మందం సమంగా రావడం అన్నిటికంటే కష్టం. జిగురు సరిగా పట్టకపోతే తేమ ముందు దూరేదీ అక్కడే, వేళ్ళు తగిలేదీ అక్కడే. పైగా 16ఎక్స్ అని రాసి ఉన్న డిస్కు మొదటి నుంచీ ఆ వేగంతో రాయదు. లోపల ఆరేడు ఎక్స్‌తో మొదలై అంచుకు చేరేసరికి 16కి వస్తుంది. డిస్కులో అన్నిటికంటే బలహీనమైన చోట అన్నిటికంటే వేగంగా రాస్తాం. అప్పగింతలే ఎందుకు పోయాయో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

తర్వాత మీడియా కోడ్ చూశాం. ప్రతి ఖాళీ డిస్కులోనూ రంధ్రానికి దగ్గరలో తయారీదారు కోడ్ ముందే అచ్చయి ఉంటుంది. డీవీడీ ఐడెంటిఫయర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డీవీడీ రైటర్, విండోస్ ఉన్న కంప్యూటర్‌లో చదవొచ్చు. అట్ట మీద పేరు అమ్మేవాడిది. డిస్కు పుట్టిన ఇల్లు ఏదో చెప్పేది ఈ కోడ్. వెర్బాటిమ్ వాళ్ళ సొంత సాంకేతికతతో చేసిన వాటికి ఎంసీసీ అని, జపాన్ తైయో యూడెన్ వాటికి టీవైజీ అని, నోయిడాలో చేసే మోజర్ బేర్ వాటికి ఎంబీఐ అని, తైవాన్ కంపెనీల వాటికి సీఎంసీ మ్యాగ్ అనో రైటెక్ అనో ఉండేది. ఒకే బ్రాండ్ పేరుతో ఈ నెల ఒక ఫ్యాక్టరీ సరుకు, వచ్చే నెల ఇంకో ఫ్యాక్టరీ సరుకు అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. అందుకే “ఫలానా బ్రాండ్ మంచిది” అన్న మాట ఒక్కటే నమ్మితే సరిపోదు.

మా పాత డబ్బాలోనూ కొత్త డబ్బాలోనూ అట్ట ఒకటే, కోడ్‌లు మాత్రం వేరు. కొత్తదానిలో ఒక పేరున్న కంపెనీ కోడ్ కనిపించింది. మొదట సంతోషించాను. తర్వాత చూస్తే ఆ కోడ్ 8ఎక్స్ డిస్కులది, డబ్బా మీదేమో 16ఎక్స్ అని ఉంది. రంధ్రం చుట్టూ ఉండే గాజు లాంటి వలయం మీద ఆ కంపెనీ అచ్చువేసే తీరులో నంబర్లు లేవు. అంటే కోడ్ దొంగిలించారు. తైయో యూడెన్ కోడ్‌లను నాసిరకం డిస్కుల మీద వేసి అమ్మడం అప్పటికే చాలా దేశాల్లో బయటపడిన మోసం.

కోడ్ దొంగిలిస్తే నష్టం పేరుతో ఆగదు. రైటర్ డ్రైవ్ తన ఫర్మ్‌వేర్‌లో (డ్రైవ్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్‌లో) ఏ కోడ్‌కి ఎంత లేజర్ శక్తి, ఎంత నిడివి పల్స్ వాడాలో పట్టిక పెట్టుకుని ఉంటుంది. కోడ్ చదివి ఆ లెక్కన రాస్తుంది. కోడ్ ఒకరిది, రంగు ఇంకొకరిది అయితే వేరేవాళ్ళ కొలతలతో చొక్కా కుట్టినట్టే. మొదట్లో చిన్న పరీక్ష రాసి శక్తిని కాస్త సరిచేసుకుంటుంది కానీ, ఆ పరీక్షా మామూలుగా లోపలి అంచులోనే జరుగుతుంది. బయటి అంచు సంగతి దానికి తెలియదు.

చివరగా ఎర్రర్ స్కాన్ చేశాం. అన్ని డ్రైవ్‌లూ ఈ లెక్క చెప్పవు. లైటాన్ డ్రైవ్‌లు చెబుతాయని విని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగి ఒకటి వెతికి తెచ్చాను. నీరో వాళ్ళ డిస్క్ స్పీడ్‌తో చూస్తే గ్రాఫ్ వస్తుంది. డీవీడీలో తప్పులు ఉండడం సహజం, వాటిని దిద్దే ఏర్పాటు కూడా డిస్కులోనే ఉంటుంది. మొదటి దశ తప్పుల్ని పీఐఈ అంటారు. వరసగా ఎనిమిది బ్లాకుల్లో (డేటా ముక్కల్లో) కలిపి 280 దాటకూడదు. మొదటి దశలో దిద్దలేక మిగిలిపోయినవి పీఐఎఫ్. అవి ఒక బ్లాకులో 4 దాటకూడదు. రెండో దశలోనూ దిద్దలేనివి ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే ఆ భాగం పోయినట్టే.

పాత డబ్బా డిస్కులో పీఐఈ మొదటి నుంచి చివరిదాకా 25 దాటలేదు. కొత్తదాంట్లో 3.9 జీబీ దాకా 60 లోపే ఉండి, అక్కడి నుంచి గోడలా లేచి 1,400కి పోయింది. దిద్దలేని తప్పులు వందల్లో ఉన్నాయి. 212లో కొన్ని ఇంకా ఆడుతున్నాయి. కానీ స్కాన్ చేసిన 40లో ఒక్కటి కూడా హద్దు లోపల లేదు.

పోయిన ముక్కను తిరిగి తేవడం

తెనాలి, బ్రాడీపేట పెళ్ళిళ్ళ ఫైళ్ళు మా హార్డ్ డిస్కులో ఉన్నాయి. నరసరావుపేటది లేదు. డెలివరీ అయిపోయిందని, చోటు సరిపోక చెరిపేశాం. ఫొటోగ్రాఫర్ దగ్గర టేపుల మీద వేరే పెళ్ళి ఎక్కించేశారు. ఆ కుటుంబానికి ఇచ్చిన 25 సెట్ల డిస్కులే మిగిలాయి. వాటన్నిటి చివరా చెడిపోయింది.

నేను చాలా టెన్షన్ పడ్డ వారం అది. దారి దొరికింది ఒక చిన్న ఆలోచనతో. అన్ని కాపీలూ ఒకే మాస్టర్ (మొదటి అసలు ప్రతి) నుంచి దిగినవి కాబట్టి వాటిలో ప్రతి సెక్టారూ (డిస్కు మీద డేటా ఉండే చిన్న ముక్క) ఒకే చోట, ఒకేలా ఉండాలి. చెడిపోయిన సెక్టార్లు మాత్రం ఒక్కో కాపీలో ఒక్కో చోట ఉంటాయి. అయితే ఒకదానిలో లేనిది ఇంకోదానిలో దొరకాలి. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిగ్గా ఈ పనే చేస్తుంది. మొదటి కాపీ నుంచి చదవగలిగినంత చదివి, చదవలేని సెక్టార్ల జాబితా ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. రెండో కాపీ పెడితే ఆ జాబితాలో ఉన్నవి మాత్రమే అడుగుతుంది.

ఒక డిస్కులో సుమారు 22 లక్షల సెక్టార్లు. మొదటి కాపీ తర్వాత 31,000 మిగిలాయి. అంటే దాదాపు రెండు నిమిషాల వీడియో. రెండో కాపీ తర్వాత 9,000 చిల్లర, మూడోదాని తర్వాత 4,200. నాలుగోది ఏమీ ఇవ్వలేదు. అదే డిస్కును ఇంకో డ్రైవ్‌లో పెడితే 3,000 ఇచ్చింది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవగలదని అక్కడ నేర్చుకున్నాను. తొమ్మిదో కాపీ దగ్గర మూడో రోజు రాత్రి మిగిలిన లెక్క సున్నాకి వచ్చింది. కుర్రాడూ నేనూ ఆ అప్పగింతలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూర్చుని చూసి, తాళం వేసి ఇంటికి వెళ్ళాం.

మీ ఇంట్లో ఒకే పెళ్ళి డీవీడీ రెండు మూడు కాపీలుండి అన్నీ ఆగుతుంటే పారేయకండి. అన్నీ ఒకే మాస్టర్ నుంచి దిగినవైతే ఇలా కలిపి బతికించే అవకాశం ఉంది.

ఆరు రకాలు, అరవై డిస్కులు

మళ్ళీ ఏం కొనాలి అన్నది అసలు ప్రశ్న. మార్కెట్లో దొరికిన ఆరు రకాలు, రకానికి పది చొప్పున తెచ్చాం. ధరలు 7 రూపాయల నుంచి 26 దాకా ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన బంధువుల చేత తెప్పించిన వెర్బాటిమ్ డబ్బా కూడా అందులో ఒకటి. తీరా చూస్తే అది లైఫ్ సిరీస్, కోడ్ సీఎంసీ. అదే వెర్బాటిమ్‌లో ఏజో అని రాసి ఉన్న వాటికే సొంత ఎంసీసీ కోడ్ ఉంటుంది. వాటిలో కొన్ని మన దేశంలో మోజర్ బేర్ ఫ్యాక్టరీలోనే తయారయ్యేవి.

ప్రతి డిస్కూ నిండుగా రాశాం. సగం కొత్త రైటర్‌లో, సగం టవర్‌లోని రెండేళ్ళ పాత రైటర్‌లో. వేగాలు 4, 8, 16. తర్వాత స్కాన్, ఆ పైన మా ఇంట్లో, పక్కింట్లో, ఎదురు హోటల్లో ఉన్న మూడు ప్లేయర్లలో చివరి పది నిమిషాలు ఆడించి చూడడం.

ఏడు రూపాయల తెల్ల డిస్కులు, పేరు లేనివి, పదిలో నాలుగు రాస్తుండగానే ఆగిపోయాయి. వాటిని పక్కన పెట్టేశాం. ఏజో డిస్కులు అన్నిటికంటే బాగా వచ్చాయి, పీఐఈ 18 దగ్గరే ఉంది. ధర మాత్రం 26. మోజర్ బేర్ సొంత కోడ్ ఉన్నవి 13 రూపాయలకే వచ్చాయి. వాటిలో తప్పులు కాస్త ఎక్కువైనా పదీ హద్దు లోపలే, పదీ ఒకే తీరులో ఉన్నాయి. నాకు ఆ నిలకడే నచ్చింది. ఇంకో రకంలో మూడు డిస్కులు అద్భుతంగా వచ్చాయి, రెండు ఘోరంగా వచ్చాయి. సగటు చూస్తే అదీ బాగున్నట్టే లెక్క. కానీ కస్టమర్ ఇంటికి సగటు వెళ్ళదు, ఒక్క డిస్కు వెళ్తుంది.

వేగం విషయంలో నేను అనుకున్నది తప్పని తేలింది. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని మా వృత్తిలో అందరూ అంటారు. 16ఎక్స్ డిస్కుల్ని 4ఎక్స్‌తో రాస్తే రెండు రకాల్లో తప్పులు పెరిగాయి. ఆ రంగు, ఆ డ్రైవ్ పట్టిక ఎక్కువ వేగానికి తగ్గట్టు చేసినవి. 8ఎక్స్ అన్నిటిలోనూ బాగా కుదిరింది. ఎనిమిది నిమిషాల్లో డిస్కు అయిపోతుంది. 16తో పోలిస్తే రెండు మూడు నిమిషాలే ఎక్కువ.

ఎండ పరీక్ష మరుసటి ఏడాది చేశాం. 2014 రోహిణీ కార్తెలో, రకానికి ఒకటి చొప్పున పడమటి కిటికీ గట్టు మీద ఆ రెండు వారాలూ ఉంచాం. జతవి బీరువాలో పెట్టాం. కిటికీ దగ్గరవాటిలో చవక రకాలు రెండు అసలు డ్రైవ్ గుర్తుపట్టలేదు. 13 రూపాయలవాటిలో తప్పులు పెరిగినా హద్దు దాటలేదు. ఏజోది 18 నుంచి 40కి వెళ్ళింది. బీరువాలోవి ఏవీ పెద్దగా మారలేదు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, ఒక్కో డిస్కుతో చేసింది. అయినా గుంటూరు ఎండకు కారు డ్యాష్‌బోర్డ్ మీద పెళ్ళి డీవీడీ వదిలేసే వాళ్ళకు చెప్పడానికి నాకు అది చాలు.

రైటర్ వాటా

తప్పంతా డిస్కులదే అని రాస్తే న్యాయం కాదు. టవర్‌లో ఏడు రైటర్లలో మూడు, మంచి డిస్కుల మీద కూడా కొత్తదానికంటే మూడు నాలుగు రెట్లు తప్పులతో రాస్తున్నాయి. లేజర్ బలం తగ్గింది, లెన్స్ మీద దుమ్ము. ఆ మూడూ మార్చేశాం. అప్పట్లో ఒక్కో రైటర్ దాదాపు వెయ్యి రూపాయలు. పది వేల డిస్కులు రాసిన పరికరాన్ని అప్పటిదాకా ఒక్కసారి కూడా పరీక్షించకపోవడం తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాసే డీవీడీల్లో రెండు రకాలైన ప్లస్ ఆర్, మైనస్ ఆర్ గురించి కూడా చాలామంది అడుగుతారు. నాణ్యతలో ఏదీ ఎక్కువ కాదు. పాత ప్లేయర్లు మైనస్ ఆర్‌ను కాస్త సులువుగా చదివేవి. ప్లస్ ఆర్‌లో బుక్‌టైప్ అనే గుర్తును డీవీడీ రోమ్‌గా (ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కుగా) మారిస్తే అవీ చదువుతాయి. ప్రతి డూప్లికేటర్‌లో ఆ సదుపాయం ఉండదు కాబట్టి మేం మైనస్ ఆర్ దగ్గరే ఉండిపోయాం.

లెక్క

ఎనిమిదిన్నర డిస్కుతో మిగిలింది 2,250 రూపాయలు. మళ్ళీ రాయాల్సిన 310 డిస్కులకు 13 చొప్పున 4,030. ఆ పైన ఇద్దరం పెట్టిన ఆరు రోజుల పని, అమెరికాకు రెండు కొరియర్లు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు మళ్ళీ మా దగ్గరికి రాలేదు. దాన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలియదు.

అందుకని మేం ఒక పద్ధతికి వచ్చాం. అప్పట్లో ఇళ్ళకు వెళ్ళే కాపీలన్నీ 13 రూపాయల మోజర్ బేర్ మీద రాసేవాళ్ళం. ప్రతి పెళ్ళికీ ఒక మాస్టర్ సెట్ మాత్రం ఏజో మీద రాసి మా బీరువాలో పెట్టేవాళ్ళం, ఆ ఖర్చు రేటులో కలిపేశాం. ఒక్కో పెళ్ళికి 52 రూపాయలు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చవకా నమ్మకమా అని ఒకటే ఎంచుకోనవసరం లేదు, ఏ డిస్కు ఎక్కడ ఉండబోతోందో చూసి కొంటే రెండూ కుదురుతాయి.

కొత్త డబ్బా వచ్చిన ప్రతిసారీ, అదే షాపు, అదే బ్రాండ్ అయినా సరే, ముందు రెండు డిస్కులు తీస్తాం. పైది ఒకటి, అడుగుది ఒకటి. కోడ్ చూస్తాం, వలయం మీద లాట్ నంబర్లు కలుస్తున్నాయా చూస్తాం. ఒకే డబ్బాలో రెండు మూడు లాట్లు కలిసి ఉంటే అది ఫ్యాక్టరీలో కట్టిన డబ్బా కాకపోవచ్చు. తర్వాత రెంటినీ నిండుగా రాసి స్కాన్ చేస్తాం. లైటాన్ డ్రైవ్ లేనివాళ్ళు ట్రాన్స్‌ఫర్ రేట్ పరీక్ష చేసుకోవచ్చు, ఏ డ్రైవ్‌తోనైనా అవుతుంది. చదివే వేగం గీత నున్నగా పైకి వెళ్ళాలి. చివర్లో గుంటలు పడితే ఆ డబ్బా వెనక్కి ఇచ్చేయాలి. షాపతనితో కూడా ముందే మాట్లాడుకున్నాం. బిల్లు మీద లాట్ నంబరు రాయాలి, పరీక్షలో పోతే డబ్బా మార్చాలి. ఈ షరతుకు ఒప్పుకోని చోట ఎంత తక్కువకు ఇచ్చినా కొనడం మానేశాం.

రాతలో రెండు మార్పులు చేశాం. 4.7 జీబీ అని రాసి ఉన్న డిస్కు కంప్యూటర్‌లో 4.38గా కనిపిస్తుంది, మేం అంత నింపం. 420 కోట్ల బైట్ల దగ్గర, అంటే కంప్యూటర్ లెక్కలో 3.9 దగ్గరే ఆపేస్తాం. రెండు గంటల వీడియోకు సెకనుకు 4.6 మెగాబిట్లు వస్తాయి, మన టీవీలకు అది సరిపోతుంది. మూడు గంటల పెళ్ళిని ఒకే డిస్కులో కుక్కమని అడిగితే రెండో డిస్కు ఖర్చు మేమే పెట్టుకుంటాం కానీ ఒప్పుకోం. అప్పగింతల్ని డిస్కు చివర పెట్టడం కూడా మానేశాం. రిసెప్షన్ ఫొటోల స్లైడ్‌షో చివరికి వెళ్ళింది. పోతే అది పోవాలి.

అమెరికా వెళ్ళే సెట్లకు ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడి ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతిలో ఉన్నవాటినే ఆడిస్తాయి, మనది పాల్ అనే వేరే పద్ధతి. డిస్కు ఎంత మంచిదైనా ఆ తేడా వల్ల ఆడదు, తప్పు డిస్కు మీద పడుతుంది. అందుకే ఆర్డర్ రాసేటప్పుడే ఎన్ని సెట్లు అక్కడికి వెళ్తాయో అడిగి రాసుకుంటాం.

కాగితం స్టిక్కర్లు పూర్తిగా ఆపేశాం. వేడికి కాగితం ముడుచుకుని డిస్కును వంచుతుంది, ఒక పక్క బరువు పెరిగి తిరిగేటప్పుడు ఊగుతుంది. వధూవరుల ఫొటో కావాలంటే ప్రింటబుల్ డిస్కు తీసుకుంటాం.

ఆ తర్వాత

మోజర్ బేర్ 1983లో దీపక్ పురి మొదలుపెట్టిన కంపెనీ. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద డిస్కు తయారీదారుల్లో ఒకటి. 2018లో దివాలా ప్రక్రియలో లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి మూసేయడానికి) వెళ్ళింది. తైయో యూడెన్ అంతకుముందే, 2015 చివర్లో డిస్కుల వ్యాపారం మానేసింది. వెర్బాటిమ్‌ను మిత్సుబిషి కెమికల్ నుంచి తైవాన్ సీఎంసీ కొనుక్కున్నట్టు 2019లో ప్రకటించారు. అంటే మేం 2013లో రాసుకున్న కోడ్‌ల జాబితా ఇవాళ సగానికి పైగా పనికిరాదు. పరీక్ష పద్ధతి మాత్రం అలాగే పనికొస్తోంది. ఇప్పుడు దొరికే పాత సరుకు “కొత్తది” పేరుతో వచ్చే అవకాశమూ ఉంది కాబట్టి, ఏళ్ళ తరబడి గోదాములో వేడికి ఉన్న డబ్బా కాదని తేల్చుకోవడానికి ఆ రెండు డిస్కుల పరీక్ష ఇంకా అవసరమైంది.

పెళ్ళి వాళ్ళు ఇప్పుడు పెన్‌డ్రైవ్ అడుగుతున్నారు, ఇస్తున్నాం. డిస్కులు అడిగేవాళ్ళు మారారు. సీసీ కెమెరా ఫుటేజీని కోర్టుకు సర్టిఫికెట్‌తో పాటు ఇవ్వాల్సిన లాయర్లు వస్తారు. ఒకసారి రాస్తే చెరపలేని వస్తువు మీద కావాలని అడుగుతారు. స్కానింగ్ సెంటర్ల వాళ్ళు, గుడి ఉత్సవాల రికార్డులు దాచుకునే కమిటీల వాళ్ళు కూడా వస్తారు. వాళ్ళకు తక్కువ డిస్కులే కావాలి, కానీ ఎక్కువ కాలం నిలవాలి. ఎక్కువ కాలం నిలిచేలా చేసిన ఎం డిస్క్ గురించి అడిగితే నా సలహా ఇది: అందులో రంగు బదులు రాయి లాంటి అకర్బన పొర ఉంటుంది, దాన్ని రాయడానికి తగిన రైటర్ కావాలి, ధర చాలా ఎక్కువ. నిజంగా యాభై ఏళ్ళ తర్వాత కావలసినవాటికి మాత్రమే తీసుకోండి. మిగతావాటికి రెండు వేర్వేరు కోడ్‌ల డిస్కుల మీద రెండు కాపీలు, ఇంకో కాపీ హార్డ్ డిస్కులో.

ఏటా సంక్రాంతి తర్వాత పని తక్కువగా ఉండే వారంలో బీరువాలోంచి ఐదు మాస్టర్లు తీసి స్కాన్ చేస్తాను. నరసరావుపేట పెళ్ళి మాస్టర్ ఎప్పుడూ ఆ ఐదులో ఉంటుంది. రాసిన రోజు పీఐఈ 21. ఈ ఏడాది 47. అది 100 దాటిన రోజు కొత్త డిస్కు మీదికి ఎక్కిస్తానని కవర్ మీద పెన్సిల్‌తో రాసి పెట్టాను.